ఎనిమిది మిల్లీమీటర్ల గుంటలు

మార్టూరు దగ్గర గ్రానైట్ యూనిట్లో నా పని కంప్యూటర్ ముందు. వంటగట్టు రాయిలో సింకుకి ఎంత లోతు తవ్వాలో, సబ్బుకి ఎంత పల్లం చాలో క్యామ్ సాఫ్ట్‌వేర్‌లో చెబుతాను. మిషన్ నీళ్లు చిమ్ముకుంటూ ఆ మేరకే తవ్వుతుంది. ఒక్కో గుంటకి లోతు విడిగా ఇవ్వాలి. బద్ధకించి అన్నిటికీ ఒకటే ఇచ్చామా, సబ్బు పెట్టే చోట చెంబు పడుతుంది. కొత్తలో నేనూ ఆ ఘనకార్యం చేశాను.

అమ్మ వామనగుంటలు మానేసిందని తెలిసి నాకు కోపం వచ్చింది. పక్కింటి టీచర్ గారు రిటైరయ్యాక, ఆదివారం ఆవిడ చర్చి నుంచి రాగానే ఇద్దరూ ఆటకి కూర్చునేవాళ్లు. అమ్మకి వారమంతా ఎదురుచూసే సంబరం అదొక్కటే. ఇప్పుడేమో ఓపిక లేదంది. ఓపిక కాదు, వేళ్లు. మిరపకాయల తొడిమలు తీసీ తీసీ అవి వంగడం మానేశాయి. పాత చెక్కపీట గుంటల్లోంచి చింతపిక్కలు తీయలేకపోతోంది. ఆ మాట టీచర్ గారితో చెప్పడానికి నామోషీ.

మేనేజర్ని అడిగి మిగులు రాయిముక్క ఒకటి తీసుకున్నాను. అమ్మవైపు ఏడు గుంటలకి ఎనిమిది మిల్లీమీటర్లు, టీచర్ గారివైపు ఏడింటికి పాత పీటలాగే ఇరవై. అడుగు గుండ్రంగా రావడానికి గుండ్రటి మొన ఉన్న టూలు పెట్టాను. ఇంటికి తెచ్చి చూస్తే, అమ్మ వేలికొస తగలగానే పిక్కలు పైకి దొర్లుకొచ్చాయి. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఆ ఆదివారం అమ్మ వరసగా మూడాటలు గెలిచింది. టీచర్ గారు వెళ్లాక మాత్రం మూతి ముడుచుకుని కూర్చుంది. గెలిచావుగా, ఇంకేంటి అని అడిగాను.

"నా గింజలన్నీ ఆవిడకి కనపడుతున్నాయే. ఆవిడవి నాకు కనపడట్లా. అయినా నేనే గెలుస్తున్నానంటే, ఆవిడ కావాలని ఓడిపోతోంది. నా మీద జాలేంటి?"

మా ఆటలో గింజల్ని ముట్టుకుని లెక్కపెట్టకూడదు, చూసి అంచనా కట్టాల్సిందే. చిన్నప్పటి నుంచీ ఆడిన నాకే ఆ సంగతి తట్టలేదు. సిగ్గేసింది. రాయిని ఇంకా తవ్వగలంగానీ తవ్వింది పూడ్చలేం. మర్నాడు ఇంకో ముక్క అడుక్కుని, పద్నాలుగు గుంటలకీ ఒకటే లోతు ఇచ్చాను. ఎనిమిది. కొత్తలో తిట్లు తిని మానుకున్న పనే అది.

తరవాతి ఆదివారం అమ్మ కొంగు బిగించి కూర్చుంది. టీచర్ గారు ఒకటికి రెండుసార్లు కళ్లజోడు తుడుచుకున్నారు. నేనిచ్చిన టీ ఇద్దరూ ముట్టలేదు. చివరికి అమ్మ చిత్తుగా ఓడిపోయింది. టీచర్ గారు నొచ్చుకున్నట్టు నా వంక చూశారు. అమ్మ అదేమీ పట్టించుకోకుండా, బిగుసుకున్న వేళ్లతోనే పిక్కలు మళ్లీ గుంటల్లో సర్దింది.

"హమ్మయ్య," అంది. "ఇప్పుడు ఆడదాం రండి, టీచర్ గారూ."