ఆ రింగు ఉన్నన్నాళ్ళు

టెన్నికాయిట్ రింగు ఎన్నాళ్ళు మన్నుతుందని ఎవరైనా అడిగితే, ఎవరింట్లో అని నేను ఎదురు అడుగుతాను. అరవైల చివర ఉద్దానంలో మా ఇంట్లో అది ఎన్నాళ్ళు మన్నితే అన్నాళ్ళే నా చదువు. ఆ ఏర్పాటు చేసింది మా నాన్న. అరుగు మీద పదిమంది పెద్దమనుషుల ముందు, నవ్వుతూ చేశాడు.

రింగు తెచ్చిందీ ఆయనే. ఏదో పని మీద బరంపురం వెళ్ళి, నేను ఆటలో ముందుంటున్నానని ఎవరో చెబితే ముచ్చటపడి కొన్నాడు. ఎర్రటి రబ్బరు రింగు, చేతికి బరువుగా, కొత్త చెప్పుల వాసనతో ఉండేది. సోంపేటలో మా బడిలో ఉన్న ఒక్క రింగూ అప్పటికే తెగిపోవడంతో అందరం నా రింగుతోనే ఆడేవాళ్ళం. దాంతో నాకు కాస్త పొగరు కూడా వచ్చింది.

నేను పెద్దమనిషినయ్యాక మా మేనత్త వచ్చింది. నాన్నకి అక్క. సముద్రం ఒడ్డున జీడితోటల్లో వాళ్ళ ఊరు. బడి ఎప్పుడు మానిపిస్తావు, మావాడికి పిల్లని ఎప్పుడిస్తావు అని అరుగు మీదే నిలదీసింది. నాన్న ఊళ్ళో తగువులు తీర్చే మనిషి. ఎవరి తగువైనా తీరుస్తాడు గానీ అక్కకి మాత్రం ఎదురు చెప్పలేడు. అటూ ఇటూ చూశాడు. గోడమేకుకి రింగు వేలాడుతోంది.

"ఆ రింగు ఉన్నన్నాళ్ళు ఎల్తాది అప్పా. అది తెగిపోయిన్నాడు మానిపించేత్తాను" అన్నాడు.

అరుగు మీద అందరూ నవ్వారు. అత్త నవ్వలేదు. మేకుకి వేలాడుతూంటే ఎప్పటికి తెగుతుంది, రోజూ ఆడాలి మరి, అంది. నాన్న సరేనన్నాడు. అత్త లేచి కొప్పులోంచి పిన్ను తీసి, మా పొయ్యిలోనే ఎర్రగా కాల్చి, రింగు లోపలివైపు చిన్న చుక్క పెట్టింది. రింగులన్నీ ఒక్కలాగే ఉంటాయి కదా, మారిపోకుండా ఉంటుందట. కాలిన రబ్బరు వాసన ఆ పూటంతా వంటింట్లోనే ఉంది. నాకు అన్నం సయించలేదు.

రబ్బరు పదేళ్ళుంటుందనుకుని అన్నాడా, ఒక్క ఎండాకాలంలో పోతుందనుకుని అన్నాడా, నాకు ఇప్పటికీ తెలియదు. అడిగే ధైర్యం ఎప్పుడూ లేకపోయింది. ఆ నవ్వు తలుచుకుంటే ఈ వయసులో కూడా ఒళ్ళు మండుతుంది.

నాకు కావలసింది పెద్ద పరీక్ష, బడి చదువు చివర రాసేది. అది పాసైతే టీచర్ ట్రైనింగుకి వెళ్ళొచ్చని మా డ్రిల్లు టీచరమ్మ చెప్పింది. ఆవిడ విశాఖపట్నం నుంచి వచ్చి, అద్దె గదిలో ఒక్కర్తే ఉంటూ, తన వంట తను వండుకుని తినేది. అంతకంటే గొప్ప బతుకు నాకు అప్పట్లో తట్టలేదు. రింగు పెద్ద పరీక్ష దాకా ఉండాలి. అంతే నా కోరిక.

కొత్త రింగు మొండిది. అరచేతికి తగిలి ఎగిరిపోతుంది, వేళ్ళకి లొంగదు. కొన్నాళ్ళకి దాని మెరుపు పోతుంది, పైన తెల్లటి పొడి లేస్తుంది, అప్పుడు చెప్పిన మాట వింటుంది. నెట్టుకి అవతల ఏ మూల అనుకుంటే ఆ మూలే పడుతుంది. ఆ దశలో ఉన్న రింగుని ఏ ఆటగత్తే వదులుకోదు. కానీ నేను మాత్రం అది చేతికి లొంగుతున్న కొద్దీ భయపడేదాన్ని. మాట వింటోందంటే అరుగుతోందనే కదా. మా ఆటస్థలం ఇసకనేల. పడ్డప్పుడల్లా రింగు ఇసకలో గీసుకునేది. మంచి షాటు కొట్టి అందరూ చప్పట్లు కొడుతుంటే, నేను పరిగెత్తి వెళ్ళి రింగు తీసి, గీతలు ఎక్కడ పడ్డాయో చూసుకునేదాన్ని.

అత్త రాకపోకలు ఎక్కువయ్యాయి. వచ్చినప్పుడల్లా జీడిపప్పో పనసతొనలో తెచ్చేది. అవి అమ్మ చేతిలో పెట్టి, కాళ్ళు కడుక్కోకుండానే మేకు దగ్గరకి వెళ్ళి రింగు దింపేది. సంతలో వంకాయ నొక్కినట్టు బొటనవేలితో చుట్టూ నొక్కేది. చుక్క ఉందో లేదో చూసేది.

"ఏటే, ఇంకా గట్టిగానే ఉన్నాదే" అనేది నా వైపు చూసి.

ఆవిడ నన్ను ఎప్పుడూ తిట్టలేదు. తల దువ్వేది, ఒళ్ళో కూర్చోబెట్టుకునేది. ఆ వేలు మాత్రం నా మెడ మీద ఉన్నట్టే ఉండేది. మా బావ కూడా మంచివాడే, తోటపని తప్ప లోకం తెలియని మనిషి. నా భయానికి ఆయన కారణం కాదు.

అమ్మ నోరు విప్పి ఏమీ అనేది కాదు. ఒక సాయంత్రం దీపాలు ముట్టించే వేళ చూశాను, రింగు ఒళ్ళో పెట్టుకుని కొబ్బరినూనె రాస్తోంది. మా ఇళ్ళల్లో కొబ్బరినూనె రాయనిది ఏముంది? తలకి, కాళ్ళ పగుళ్ళకి, తలుపు బందులకి, కత్తిపీటకి, నాన్న తోలు చెప్పులకి. నూనె పడితే ఏ వస్తువైనా పదికాలాలుంటుందని మా ఊరంతా నమ్మిన సంగతి. అమ్మ నా తలకి రాసినట్టే నిదానంగా, చుట్టూ తిప్పుతూ రాసి, కొంగుతో తుడిచి మేకుకి తగిలించింది.

"పెద్ద పరీచ్చ దాకా ఉంటాది లేవే" అంది.

ఆ ఒక్క మాటతో అమ్మ ఎటువైపు ఉందో నాకు తెలిసింది. సంతోషంతో ఏడుపొచ్చింది. ఆ తరవాత రోజూ ఆ వేళకి అమ్మ రాసేది, నేను పక్కన కూర్చుని చదువుకునేదాన్ని.

వానలు వెళ్ళేసరికి రింగు తీరు మారింది. కాస్త ఉబ్బినట్టు, చేతికి మెత్తగా, జిడ్డుగా అనిపించేది. చెమటేమో అనుకున్నాను. విసిరితే గాలిలో నిలకడగా వెళ్ళకుండా ఊగేది. రింగు ఊగితే తప్పు కింద లెక్క, పాయింటు అవతలివాళ్ళకి పోతుంది. ఎన్నడూ తప్పు కొట్టని నేను వరసగా తప్పులు కొడుతుంటే, తోటి పిల్లలు పెళ్ళి ధ్యాస అని ఏడిపించారు. లోపలివైపు, సరిగ్గా అత్త పెట్టిన చుక్క దగ్గర, సన్నటి పగులు కనబడింది. గోరు పెట్టి చూస్తే గోరు దిగింది. ఇంట్లో చెప్పలేదు. అత్త వచ్చి నొక్కి, వేలు లోపలికి దిగబడితే, ఏమీ అనకుండా రింగు మేకుకి తగిలించేసింది. ఆ రోజు నాకు జీడిపప్పు తనే వలిచి పెట్టింది. అంత ముద్దు నేను భరించలేకపోయాను.

ఇంతలో టెక్కలిలో బడుల మధ్య పోటీలు వచ్చాయి. వెళ్ళాలా వద్దా అని తేల్చుకోలేకపోయాను. వెళ్ళకపోతే ఆడనట్టు, ఆడకపోతే మాట తప్పినట్టు. పొద్దున్నే రైలెక్కి పలాసలో దిగి, అక్కడినుంచి బస్సులో వెళ్ళాం. దారి పొడవునా రింగు ఒళ్ళో పెట్టుకుని, పగులు మీద బొటనవేలు ఆనించి కూర్చున్నాను. మబ్బు పట్టి ఉంది, వాన మాత్రం రాలేదు. వానొస్తే ఆట ఆగిపోతుందని ఎదురుచూశాను.

మొదటి ఆట అక్కడి వాళ్ళ రింగుతో ఆడి గెలిచాం. రెండో ఆట, వంతు ప్రకారం, మా రింగుతో. నేను తప్పు మీద తప్పు కొట్టాను. చివరికి అవతలి పిల్ల బలంగా విసిరింది. నాకు అలవాటైన పట్టే, ఒంటిచేత్తో పట్టుకున్నాను. చేతిలో మెత్తగా ఏదో విడిపోయింది. చూస్తే రింగు కాదు, ఎర్రటి తాడుముక్క.

డ్రిల్లు టీచరమ్మ వచ్చి నా చేతిలోంచి తీసుకుంది. వేళ్ళతో పిసికి, ముక్కు దగ్గర పెట్టుకుంది.

"దీనికి కొబ్బరినూనె ఎవరు రాశారు?" అని అడిగింది. వెంటనే తనే అంది: "రబ్బరుకి నూనె విషం. రాయకుండా ఉంటే ఇంకో రెండేళ్ళు ఆడేదానివి."

రెండేళ్ళు. నా పెద్ద పరీక్షకి అంతకంటే తక్కువే ఉంది.

ఇంటికి వచ్చేసరికి అత్త అరుగు మీద ఉంది. పోటీల సంగతి ఆవిడకి తెలుసు, వచ్చి కూర్చుంది. నేను ముక్క నాన్న చేతిలో పెట్టాను. ఆయన దాన్ని రెండు కొసలూ కలిపి చూశాడు, వదిలితే విడిపోయింది, మళ్ళీ కలిపాడు. నా మొహం చూడలేదు. నలుగురిలో అన్నాను కదా అని నేలకేసి చూస్తూ గొణిగాడు. నలుగురూ ఆ మాట ఎప్పుడో మరిచిపోయారు. గుర్తున్నది మా అత్తకీ, ఆయన పరువుకీ, నాకూ మాత్రమే.

అమ్మ గుమ్మంలోకి వచ్చింది. దీపాల వేళ. చేతిలో నూనెగిన్నె ఉంది. తెగిన ముక్కని చూసి గుమ్మంలోనే కూలబడింది.

"నిన్న బట్టలు సదరడంలో పడి నూనె రాయడం మరిసిపోనాను. అందికే తెగిపోనాది. నానే సేసినాను" అంది.

నాలుక చివరిదాకా వచ్చింది టీచరమ్మ అన్న మాట. మింగేశాను. ఒక్క రోజు మరిచిపోయానన్న బాధతో అమ్మ బతకగలదు. రోజూ చేసిన పని ఇదీ అని తెలిస్తే బతకలేదు.

మర్నాటి నుంచి నేను బడికి వెళ్ళలేదు. ఆ ఏడే బావతో పెళ్ళయింది. రింగు ముక్కని అత్త తనతో పట్టుకుపోయింది. తెగిన చోట పురికొస చుట్టి, మజ్జిగకుండ ఒరిగిపోకుండా దాని కింద కుదురు చేసి వేసింది. అక్కడ అది ఏళ్ళ తరబడి ఉంది, అత్త పోయాక కూడా. ఆట లేని చోట రింగు చాలాకాలం మన్నుతుంది.

ఒకసారి అమ్మ మా ఇంటికి వచ్చింది. అప్పటికే చూపు తగ్గింది. వంటింట్లో తడుముకుంటూ వచ్చి కుండ కింద చెయ్యి పెట్టి, అదేమిటో గుర్తుపట్టింది. చాలాసేపు చెయ్యి తీయలేదు. తరవాత నూనెసీసా ఇమ్మంది.

"ఇప్పుడైనా రాత్తాను" అంది.

నేను సీసా ఇచ్చి, మజ్జిగ తొణక్కుండా కుండ ఎత్తి పట్టుకున్నాను.