ఆల్బన్ కాపురం పెట్టిన వైనం

పెళ్లయి ఏళ్లు గడిచినా ఆల్బన్ పెళ్లాంతో ఒకే కప్పు కింద నిద్రపోయింది లేదంటే వేరేచోట ఎవరైనా నవ్విపోతారు. న్యూయార్కులో మా జర్మన్ పేటలో మాత్రం ఎవరూ నవ్వేవారు కాదు. రొట్టెల పనివాళ్లందరి బతుకూ అంతే.

యజమాని హుప్ఫర్ తిండి పెట్టి, కొట్టు కింది నేలమాళిగలో పడుకోనిచ్చేవాడు. ఆ వంకన జీతం కోసేవాడు. రాత్రంతా బల్లమీద పిండి పిసికి, పొద్దెక్కాక ఆ బల్లమీదే, ఖాళీ గోనె తలకింద పెట్టుకుని నడుం వాల్చాలి. సాయంత్రం మళ్లీ అదే బల్లమీద రొట్టెలు! తినేవాళ్లకి తెలిస్తే కదా.

పెళ్లాం థెక్లా రెండు వీధులవతల అద్దెగదిలో ఇస్త్రీలు చేసుకునేది. ఆదివారం మధ్యాహ్నం ఆల్బన్ తలలోని పిండి దులుపుకుని, చొక్కా మార్చుకుని చుట్టంలా వచ్చేవాడు. ఇద్దరూ చెట్లకింద బల్లలేసి బీరు పోసే తోటకి వెళ్లి, ఒకే గ్లాసు ముందు పెట్టుకుని చీకటిపడేదాకా కబుర్లాడుకునేవారు.

ఇంటినుంచి వచ్చి పనిచేసి పోతానని అతను ఎన్నిసార్లు బతిమాలాడో! "పెళ్లాం పక్కన పడుకున్నవాడికి పిండి పొంగే వేళ తెలుస్తుందట్రా?" అనేవాడు హుప్ఫర్.

చివరికి పేటలోని రొట్టెలవాళ్లంతా, ఎవరింట్లో వాళ్లం పడుకుంటామని సమ్మె కట్టారు. వారాల తరబడి కడుపులు మాడ్చుకున్నారు. గెలిచారు కూడా. ఆల్బన్ పెట్టె భుజాన వేసుకుని గదికి వచ్చిననాడు థెక్లా గుమ్మంలోనే నిలబడి ఏడ్చేసింది.

అయితే తిండికీ పడకకీ బదులుగా హుప్ఫర్ జీతంలో కలిపి విదిల్చింది దేనికీ చాలలేదు. థెక్లా చుట్టల కార్ఖానాలో చేరింది. పొద్దున్నే వెళ్లి దీపాలు పెట్టే వేళకి వచ్చేది. అప్పటికి ఆల్బన్ పనికి బయల్దేరేవాడు. ఆదివారం ఇంకో కొట్లో పొయ్యి చూసే పని ఒప్పుకున్నాడు, ఏం చేస్తాడు మరి. ఇద్దరూ ఎదురుపడేది మెట్లమీదే, ఒకరు ఎక్కుతుంటే ఒకరు దిగుతూ.

ఒకనాటి పొద్దున అతను ఆమె చెయ్యి పట్టుకుని కాసేపు కూర్చోమన్నాడు. ఆలస్యమైతే మేస్త్రీ గేటు మూసేస్తాడని ఆమె చెయ్యి విడిపించుకుంది. రెండు మెట్లు దిగి ఆగింది. గొంతులో కోపం లేదు. అదే అతను భరించలేకపోయాడు.

"హుప్ఫర్ కొట్లో పడుకున్నప్పుడే నయం, ఆల్బన్. వారానికో పూటైనా నాకు దక్కేవాడివి."

ఆమె వెళ్లిపోయింది. ఆల్బన్ పైకెళ్లి, బూట్లైనా విప్పకుండా పక్కమీద పడ్డాడు. తనివితీరా ఏడవాలనుకున్నాడు. అంతలోనే నిద్ర పట్టేసింది.