పాతపాలెం పుస్తకాలను లైబ్రరీకి చేర్చిన మా వదిన

నేను చదివింది మా ఊరి బడిలో ఐదో తరగతి వరకే. అయినా మత్స్యకారుల సొసైటీకి రెండుసార్లు ప్రెసిడెంటుగా చేశాను. కలెక్టరు గారికి మా పాలెం నుంచి వెళ్లిన అర్జీలన్నీ నా చేతిరాతే. మా వదిన పెద్దింట్లమ్మకు ఆ పాటి చదువు కూడా లేదు, సంతకం వరకే వచ్చు. కానీ మా ఇద్దరిలో ఎవరు గొప్ప అని అడిగితే చిన్నపిల్లలు కూడా ఆవిడ పేరే చెబుతారు. రేవులో చేపలు ఆరబెట్టుకోవడానికి సిమెంటు తిన్నె వేయించింది ఆవిడే. చేపల బేసిన్లతో ఉన్న ఆడవాళ్లను ఎక్కించుకోనన్న బస్సు ముందు గంటసేపు కూర్చుని, వెనక సీట్లు మావాళ్లకు సాధించిందీ ఆవిడే. అరవై ఎనిమిదో ఏట యూనివర్సిటీ లైబ్రరీకి దాత అయిందీ ఆవిడే. ఆ చివరిది ఎలా జరిగిందో ఇక్కడ రాస్తున్నాను.

మేమిప్పుడు ఉంటున్నది కొత్తపాలెం. పాతపాలెం గౌతమి ఒడ్డున ఉండేది. ఏటా కోతకు ఒక్కో వరస ఇళ్లు పోతూ పోతూ, ముప్పై ఏళ్ల కిందట ఊరంతా గోదావరిలో కలిసిపోయింది. ఇప్పుడు పడవ వేసుకుని అక్కడికి వెళితే నీళ్లు తప్ప ఏమీ కనపడవు. ఆ ఊరిదంటూ మిగిలినవి ఏడు నోటు పుస్తకాలు. వాటిని రాసింది వదిన భర్త, మా అన్న త్రిమూర్తులు. ఏ రోజు ఎవరి వల ఎక్కడ వెయ్యాలో మావాళ్లు వంతులు పెట్టుకుంటారు. ఆ వంతులు రాయడం అన్న పని. రాస్తూ రాస్తూ పక్కన ఇంకా చాలా రాసేవాడు. వరద ఎవరి గుమ్మం దాకా వచ్చింది, ఎవరింట్లో పురుడు పోసుకున్నారు, ఎవరి పాక కొట్టుకుపోయింది, అన్నీ. మూడో పుస్తకం మొదట్లో ఊరి ఇళ్లన్నిటినీ ఏటి వైపు నుంచి వరసగా, ఇంటి పెద్ద పేరుతో సహా రాశాడు. అన్న పోయాక అవి వదిన రేకు పెట్టెలో ఉండేవి.

మూడేళ్ల కిందటి వేసవిలో కృపారాణి గారు మా ఊరు వచ్చారు. రాజమండ్రి వైపు ఉన్న యూనివర్సిటీ లైబ్రరీలో స్థానిక చరిత్ర విభాగం ఆవిడ చూస్తారు. గోదావరి ఊళ్ల పాత కాగితాల కోసం ఇంటింటికీ తిరుగుతున్నారు. పాతపాలెం గురించి వాళ్ల దగ్గర ఒక్క కాగితం కూడా లేదన్నారు.

"లేకపోవడమేంటమ్మా? నేను కాపరానికొచ్చిన ఊరది!" అంది వదిన.

"ఉండేదని మీరు చెబితే నేను నమ్ముతానండి. కానీ నేనూ మీరూ పోయాక ఎవరు చెబుతారండి?"

వదిన పెట్టె తెరిచింది. కృపారాణి గారు నేల మీదే కూర్చుని రెండు గంటలు ఆ పుస్తకాలు చదివారు. లైబ్రరీకి ఇస్తానని వదిన మాటిచ్చింది. అయితే మంచిరోజు చూసుకుని శ్రావణంలో ఇస్తానంది. ఆషాఢంలోనే వరద వచ్చింది.

మేము శిబిరం నుంచి తిరిగొచ్చేసరికి పెట్టె నిండా నీళ్లు. మర్నాడు ఎండ కాసింది. వదిన ఏ పేజీకా పేజీ విప్పి, మధ్య మధ్య ఉప్పు చల్లి, పుస్తకాలను తిన్నె మీద పరిచింది. తడిసిన సరుకు కుళ్లకుండా నిలవ ఉండాలంటే మావాళ్లకు తెలిసిన దారి అదొక్కటే.

"పుస్తకాలకి ఉప్పేంటి వదినా?" అన్నాను.

"చేపే ఏడాది నిలవుంటాది, కాగితం ఉండదా? నువ్వెళ్లి కాకుల్ని తోలు."

నిజం చెప్పాలంటే నాకూ సబబుగానే తోచింది. తోలాను.

శ్రావణంలో ఇద్దరం లైబ్రరీకి వెళ్లాం. కృపారాణి గారు మూట విప్పగానే టేబుల్ మీద తెల్లగా ఉప్పు రాలింది. ఆవిడ వేలితో అద్దుకుని చూశారు.

"ఇది ఉప్పా అండీ?"

"ఆయ్, కల్లుప్పండి. మంచి సరుకు" అంది వదిన.

కృపారాణి గారు కుర్చీలో కూలబడ్డారు. ఉప్పు గాలిలో తేమను లాగుతుందని, ప్రతి వానాకాలం ఆ పేజీలు మళ్లీ తడిసినట్టే అవుతాయని, పక్కన పెట్టిన పుస్తకాలను కూడా పాడుచేస్తాయని నెమ్మదిగా చెప్పారు. కాగితాలు బాగుచేసే పనివాణ్ని హైదరాబాద్ నుంచి రప్పించి పేజీ పేజీ శుభ్రం చేయించాలట. ఆ పనికి ప్రభుత్వం నుంచి ఏమీ రాదట, దాతలు ఇస్తేనే సాగుతుందట. "అంతవరకు వీటిని లోపల పెట్టలేనమ్మా. ఏమీ అనుకోకండి" అన్నారు.

మూట బయటి గదిలో ఉండిపోయింది. బస్సు ధవళేశ్వరం దాటింది. అప్పుడు వదిన, "మీ అన్న రాసిన ఊరిని గోదారి ముంచలేదయ్యా. నేనే ఉప్పేసి చంపేసేను" అంది.

"కాకుల్ని తోలింది నేనే కదా వదినా. సగం పాపం నా మీద వేసుకో."

"సగమెందుకు, మొత్తం నీదే. ప్రెసిడెంటువి, నీకు తెలియొద్దా?" అని కొంగుతో కళ్లు తుడుచుకుంది.

మా పడవల్లో చేప ఒడ్డుకు రాగానే వాటాలు వేస్తారు. పడవకొకటి, వలకొకటి, మనిషికొకటి, అమ్మవారికొకటి. ఆ శుక్రవారం వదిన రేవులో నిలబడి, "ఇంకో వాటా తియ్యండి, పుస్తకాలకి" అంది.

కొత్తగా పడవ కొన్న వెంకటరాజు నవ్వాడు. "పుస్తకాలేవన్నా వల లాగేయా అత్తా?"

"మీ తాత ఏ వంతులో ఎక్కడ వలేసేడో వాటిలో ఉందిరా. ఆయన లాగలేదంటావా?"

రేవంతా వాడి వైపు తిరిగింది. వాడు చేతికందిన పెద్ద వాలుగను తెచ్చి ఆవిడ బేసిన్‌లో వేశాడు. అప్పట్నుంచి ప్రతి శుక్రవారం ఒక బేసిన్ విడిగా ఉండేది. దాన్ని వదినే సంతకు తీసుకెళ్లేది. ఒకసారి ఒక మాస్టారు, "నీ చేప ధర ఎక్కువేంటమ్మా?" అని అడిగితే, "చదువుకున్న చేపండి ఇది" అంది. సంగతి విని ఆయన బేరమాడకుండా కొనడమే కాక, పై శుక్రవారం ఇంకో ఇద్దరు మాస్టర్లను వెంటబెట్టుకొచ్చారు.

శ్రావణంలో మొదలైన వాటా ఉగాదికి సరిపోయింది. పనివాడు వచ్చి పన్నెండు రోజులు మెత్తటి కుంచెతో ఉప్పు దులిపాడు. మిగిలిన సొమ్మును వేరే ఊరి కాగితాలకు వాడుకోవచ్చా అని కృపారాణి గారు ఫోన్ చేస్తే, "వాడండమ్మా. తడిసిన ఊరు మాదొక్కటేనా?" అంది వదిన.

అన్నీ బాగయ్యాయి, ఒక్కటి తప్ప. మూడో పుస్తకం మొదటి రెండు పేజీల్లో సిరా పూర్తిగా పోయింది. మమ్మల్ని పిలిపించి కృపారాణి గారు ఆ తెల్ల కాగితాలు చూపించారు. ఇళ్ల వరస ఉన్న పేజీలు అవే. వదిన వాటి మీద చెయ్యి పెట్టింది. తరవాత నా వైపు తిరిగింది.

"జేబులో పెన్నుందా? రాయి. ఏటి వైపు మొదటిల్లు వీరబాబు మావయ్యది. రెండోది గవళ్ల అప్పారావుది."

"రెండోది వెంకటదుర్గ వాళ్లది కదా వదినా?"

"అప్పుడు నువ్వు గోలీలాడుకుంటున్నావ్. నీకేం తెలుసు? రాయి."

కృపారాణి గారిచ్చిన వేరే కాగితం మీద నలభై మూడు ఇళ్లు రాయించింది. పెన్ను మూత పెట్టబోతుంటే, "ఆగు, ఇంకోటుంది" అంది. "రేవు పక్కన గవరమ్మ పాక. ఒక్కర్తే ఉండేది. మగాడు లేని కొంపని మీ అన్న రాయలేదు. అప్పుడే పోట్లాడేను, వినలేదు. నువ్వు రాయి."

రాశాను. అడుగున, చెప్పినవారి పేరు, రాసినవారి పేరు, తేదీ వేయించి, కృపారాణి గారు ఆ కాగితాన్ని మూడో పుస్తకంతో కలిపి పెట్టారు. సరిచూడడానికి పేర్లన్నీ మొదటి నుంచి పైకి చదివారు. ఒక్కో పేరుకీ వదిన "ఆఁ" అంటూ వచ్చింది, గవరమ్మ దాకా.

"ఎవరైనా మిగిలారా అమ్మా?" అని ఆవిడ అడిగారు.

"లేరండి. అందరూ వచ్చేసేరు" అంది వదిన లేస్తూ. "ఇంక మేం వెళ్లొస్తామండి, బస్సు టైమైపోతోంది."