అల్లుడి పడవలో అత్తగారు

ఆగస్టు రెండో శనివారం. ఐర్లండ్‌లో డోనెగల్ తీరాన ఒక చిన్న దీవి. పడవలో ఉన్నవారు: నేను, మా ఆవిడ, మా అమ్మాయి, అల్లుడు. ఉదయం ఎండ, మధ్యాహ్నం నుంచి గాలివాన.

డైరీలో ఆ రోజు పేజీలో ఇంతే ఉంది. లంగరు గొలుసు లాగి అరచేతులు బొబ్బలెక్కడంతో మిగతాది రాయలేకపోయాను. ఆ మిగతాది ఇదీ.

అల్లుడు అక్కడే లెటర్‌కెన్నీ అనే ఊళ్లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. పడవ నడపడం నేర్చుకుని, ఆ ఏడాదే ఒక పాత తెరచాప పడవ కొన్నాడు. దానికి ఇంజన్ కూడా ఉంది. లోపల పడుకోవడానికి రెండు బల్లలు, ఒక స్టవ్. వెనుక, చుక్కాని దగ్గర, నలుగురు మోకాళ్లు తగిలేలా కూర్చునే చోటు. దీవులు చూపిస్తానంటే మా ఆవిడ కొబ్బరిచెట్లు ఉంటాయనుకుంది. రాళ్లు, గడ్డి, గొర్రెలు ఉన్నాయి.

మా ఆవిడకు ఒక పద్ధతి ఉంది. అల్లుడి ఎదుట కూర్చోదు. అతను గదిలోకి వస్తే లేచి నిలబడుతుంది. అతనితో నేరుగా మాట్లాడదు. అమ్మాయితోనో నాతోనో చెప్పిస్తుంది. వాళ్లమ్మ నా ఎదుట అలాగే ఉండేది. ఇంట్లో దీనివల్ల ఎవరికీ ఇబ్బంది లేదు, కూరలు చల్లారిపోవడం తప్ప.

పడవలో అది కుదరదు. తెరచాప అడుగున ఉండే అడ్డకర్ర, గాలి మారినప్పుడల్లా తల ఎత్తున ఈ పక్క నుంచి ఆ పక్కకు ఊగుతుంది. అల్లుడు లోపలి నుంచి మెట్లెక్కి వచ్చిన ప్రతిసారీ ఈవిడ లేచేది.

"మీ అమ్మగారిని కూర్చోమని చెప్పు," అన్నాడు అల్లుడు అమ్మాయితో.

"ఎదురుగానే ఉంది కదా, నువ్వే చెప్పు."

"నేనెలా చెప్తాను?"

"అయితే నువ్వు పైకి రాకు. కిందనుంచే నడుపు."

మా ఆవిడ నా వైపు తిరిగింది. "అల్లుడుగారు నిలబడి ఉంటే నేను కూర్చోడం ఏం బావుంటుందండీ?"

"ఆ కర్ర తగిలితే ఇంకా బావుండదు," అన్నాను.

పొద్దున గాలి నెమ్మదిగా ఉన్నప్పుడు అల్లుడు నాకు చుక్కాని పట్టడం నేర్పాడు. చుక్కాని కర్రను కుడికి తోస్తే పడవ ఎడమకు తిరుగుతుంది. నేను తప్పు మీద తప్పు చేశాను. అతను కూర్చున్నాడు కాబట్టి మా ఆవిడా కూర్చుంది, సముద్రం వైపు తిరిగి. వింటున్నట్టు అనిపించలేదు.

మధ్యాహ్నం వాన మొదలైంది, అలలు పెరిగాయి. అమ్మాయికి వాంతులు పట్టుకున్నాయి, లోపల పడుకుంది. "ప్రెస్‌లో అల్లం మురబ్బా ఉంది, ఇవ్వు నాన్నా," అంది. అక్కడివాళ్లు అలమరను ప్రెస్ అంటారు. తలుపు తీసి ఇచ్చాను. అదీ కడుపులో నిలవలేదు.

గాలికి చాటుగా దీవి పక్కన లంగరు వేశాం. "ఇంక గ్రాండ్, మావయ్యగారూ, ఏ భయం లేదు. రాత్రికి ఇక్కడే," అన్నాడు అల్లుడు.

సాయంత్రానికి గాలి దిశ మారింది. చాటనుకున్న చోటే గాలికి ఎదురైంది. లంగరు ఇసుకలో జారుతూ వచ్చింది, వెనుక రాళ్లు దగ్గరయ్యాయి. వెంటనే లంగరు ఎత్తి దీవికి అవతలి వైపు వెళ్లకపోతే పడవ వాటి మీదే పడుతుంది. గొలుసు లాగడం ఒక్కడి వల్ల కాదు, నేనూ పడవ ముందు కొనకు వెళ్లాలి. అమ్మాయి లేచే స్థితిలో లేదు. చుక్కానికి ఒక్కరే మిగిలారు.

అల్లుడు ఇంజన్ నెమ్మదిగా నడిచేలా పెట్టాడు. "మావయ్యగారూ, అత్తయ్యగారిని చుక్కాని కర్ర పట్టుకోమనండి. నేను చెయ్యి ఎటు చూపిస్తే పడవని అటు తిప్పాలి."

చెప్పాను. "ఎటు తోస్తే ఎటు తిరుగుతుందంటే—" అనబోయాను.

"పొద్దున విన్నాలెండి," అంది.

ఇద్దరం పాకుతూ ముందుకు వెళ్లాం. ఆ గాలిలో మామూలుగా చెబితే మాట వెనక్కి చేరదు. అల్లుడు ఎడమకు చెయ్యి చాపాడు. పడవ తిరగలేదు. వెనక్కి చూశాను. మా ఆవిడ కర్ర పట్టుకుని నన్ను చూస్తోంది. అతని ముఖం కేసి చూసే అలవాటు ఆవిడకు లేదు. నేను సైగ చేస్తానని ఎదురుచూస్తోంది. నా రెండు చేతులూ గొలుసు మీద ఉన్నాయి. నేను సరిగా కనబడటం లేదని కాబోలు, ఊగుతున్న పడవలో లేచి నిలబడబోయింది.

అల్లుడు గొంతు చించుకుని అరిచాడు. "కూర్చో అత్తయ్యా. ఆయన్ని కాదు, నన్ను చూడు."

ఆవిడ కూర్చుంది. అతన్నే చూసింది. అతని చెయ్యి ఎడమకు వెళ్తే కర్ర కుడికి వెళ్లింది. పడవ ముందుకు జరిగి గొలుసు వదులైంది, లాగాం. లంగరు నాచుతో సహా పైకి వచ్చింది. అప్పటికి రాళ్లకూ మాకూ మధ్య ఇంకో పడవ పట్టేంత చోటే మిగిలింది. ఆ చేతినే చూస్తూ ఆవిడ దీవిని చుట్టి అవతలి వైపుకు తెచ్చింది. అక్కడ లంగరు పట్టింది.

అల్లుడు తడిబట్టలతో వెనక్కి వచ్చి నా పక్కన నిలబడ్డాడు. "అత్తయ్యగారిని నువ్వు అనేశాను. ఏమీ అనుకోవద్దని చెప్పండి."

"ఏమన్నారో నాకు వినబడలేదని చెప్పండి," అంది మా ఆవిడ నాతో.

వినబడకపోతే కూర్చునేది కాదు.

మర్నాడు పొద్దున గాలి తగ్గింది. అమ్మాయి ఇంకా నిద్రపోతోంది. అల్లుడు టీ పట్టుకుని మెట్లెక్కి వచ్చాడు. మా ఆవిడ లేవలేదు. కాస్త జరిగి చోటిచ్చింది. అతను పక్కన కూర్చున్నాడు. ఆవిడ టీ తాగడం అయ్యాక నాతో అంది, "తిరిగి వెళ్లేటప్పుడు కర్ర ఎవరు పట్టుకుంటారో కనుక్కోండి."

"అత్తయ్యగారేనని చెప్పండి, మావయ్యగారూ," అన్నాడు అల్లుడు.

చెప్పాను.