కొండ నిండా లంటానా పూలు

ఇవాళ ఫిజీలో టాబియా ఊరి దారిలో లంటానా ఆకు నలిపి వాసన చూశాను. మన ఈడు వాళ్లకు గుర్తుందా ఆ ఘాటు?

గిర్మిట్ కూలి ఒప్పందం మీద చెరకు నరికే రోజుల్లో మా అవ్వకు తొలి కూతురు జ్వరంతో పోయింది. దొర పూలతోటలోంచి లంటానా కొమ్మ తెచ్చి, కొండ వాలులో బిడ్డను పూడ్చినచోట నాటిందట. నా చిన్నతనానికి అది కొండంతా కమ్మేసి, మా చెరకులోకి దిగింది.

నాన్న కత్తి తీస్తే అవ్వ అడ్డం నిలబడింది.

"అక్క ఎక్కడుందో చూపించమ్మా, అంత మేర నరక్కుండా వదిలేస్తా."

అవ్వ పసుపు, గులాబీ పూల వంక చాలాసేపు చూసింది.

"జాగా మర్చిపోయినా బేటా. యాడ చూసినా ఆడే ఉన్నట్టుంది."

నాన్న కత్తి దించేశాడు. అవ్వ బతికినన్నాళ్లూ ఆ వాలులో మేం చెరకు వేయలేదు.