చదును బండి మీద చెరువు

మొన్న నార్కట్‌పల్లిలో బస్సు కోసం నిలబడి ఉంటే, ఎదురుగా హోటల్ ముందు ఒక లారీ ఆగి ఉంది. దాని సరుకు మీద కప్పిన తాడిపత్రి, అదే టార్పాలిన్, ఒక పక్క కట్టు తెంపుకుని, పెండ్లిలో తాగినోడి కండువాలాగా ఎగురుతోంది. డ్రైవరుకు పాతికేళ్లుంటాయేమో, ఒక మూల పట్టుకుంటే ఇంకో మూల జారిపోతోంది. అట్లాంటి చోట నోరు మూసుకుని నిలబడడం నాకు పుట్టుకతో రాలేదు. దగ్గరికి పోయి చేతులు వెనక్కి కట్టుకుని, "ముప్పై ఏండ్లు స్టీరింగ్ పట్టిన తమ్మీ. నా సరుకు మీద ఒక్క వాన చుక్క పడలే. గింత బండికి ఒక్కన్నే, బీడీ ఆరిపోయే లోపల తాడిపత్రి కప్పేటోన్ని" అన్నాను. వాడు నన్ను కింది నుంచి పైదాకా చూసి, "అట్లయితే జర పైకెక్కు కాకా" అన్నాడు. నా అదృష్టం బాగుండి అప్పుడే బస్సొచ్చింది.

బస్సులో కూర్చున్నాక మనసులో గుచ్చుకుంది. బీడీ మాట అబద్ధం. ఒక కట్ట బీడీలు కాలేంత సేపు పట్టేది, అదీ ఇద్దరం కలిస్తే. వాన చుక్క సంగతి నిమ్మళంగా చెబుతాను.

నేను చివరి ఏళ్లలో నడిపింది చదును బండి. పక్కలకు తలుపులుండవు, వెనక అడ్డముండదు. చక్రాల మీద పొడుగాటి ఇనుప మంచం అనుకోండి. సరుకు మీదికి ఎక్కితే పట్టుకోవడానికి ఏమీ దొరకదు, కాలు జారితే నేరుగా రోడ్డే. ఎండలో తాడిపత్రి పెనంలా కాలుతుంది, వానలో దున్నపోతంత బరువెక్కుతుంది. మడత విప్పేటప్పుడు దానికి గాలి అందిందా, ఇక మనం దాన్ని పట్టుకున్నట్టు కాదు, అదే మనల్ని పట్టుకున్నట్టు. అన్నిటికంటే ముఖ్యం నడుమ ఎత్తు. సరుకు నడుమన ఒక వరుస బస్తాలు ఎక్కువ పేర్చి, ఇంటి కప్పులాగా రెండు పక్కలకూ వాలు ఇవ్వాలి. లేకపోతే నీళ్లు నిలుస్తాయి. ఈ సంగతి నేను అడిగినవాళ్లకూ, అడగనివాళ్లకూ చెప్పేవాణ్ణి. చెప్పవలసిన ఒక్కడికే చెప్పలేదు.

ఆ ఒక్కడు మా బామ్మర్ది, మా ఆవిడ తమ్ముడు. మాదీ మగ్గమున్న ఇల్లే గానీ, నేను మీసాలు రాకముందే మగ్గం గుంతలోంచి లేచి లారీ ఎక్కాను. వాడు నలభై దాటేదాకా నేశాడు. తెలంగాణ వచ్చిన మరుసటేడు, నూలు ఇచ్చే ఆసామి ఇక చాలన్నాడు. మగ్గం ఆగింది. వాడు ఇంటి కడప మీద కూర్చుని, వచ్చే పోయే వాళ్ల చొక్కాల బట్ట చూస్తూ ఎనిమిది నెలలు గడిపాడు. మాటలు తగ్గిపోయాయి. మా ఆవిడ ఒకరోజు అన్నం పళ్లెం నా ముందు పెట్టి, చెయ్యి దాని మీద అడ్డం పెట్టింది. "వాన్ని నీ బండి మీద వెట్టుకో. ఇంకిన్ని పొద్దులు గిట్లనే కూసుంటే మనిషి దక్కడు" అంది. బండి సేటును అడిగితే నవ్వాడు. "నలభై ఏండ్ల క్లీనరా? సరే, ఒక్క ట్రిప్పు చూస్త. సరుకు తడిసిందా, ఇంటికి పంపుడే."

ఆ ఒక్క ట్రిప్పూ సిమెంటు కావాలా? హుజూర్‌నగర్ అవతల లోడు, ఆత్మకూర్‌లో దించాలి. బియ్యం తడిస్తే ఎండబోసుకోవచ్చు. సిమెంటు తడిస్తే రాళ్లు మోసుకొచ్చినట్టే.

తాడిపత్రి కప్పేటప్పుడు నేను పక్కనున్న హోటల్ బల్ల మీద కూర్చున్నాను. మోకాలి నొప్పి అని చెప్పాను. నిజానికి ఆ పూట మిరపకాయ బజ్జీలు వేడిగా ఉన్నాయి. మా వాడు మగ్గం మీద పడుగు బిగించినట్టు తాడిపత్రి బిగించాడు. పైన ఒక్క ముడత లేదు. అంతటితో ఆగాడా, బండి చుట్టూ తిరుగుతూ ఒక్కో తాడును వేలితో మీటి, చెవి దగ్గర పెట్టి వింటున్నాడు. మోత తేడాగా ఉంటే విప్పి మళ్లీ కడుతున్నాడు. హమాలీలు నవ్వలేక చచ్చారు. "ఏందన్నా, లారీకి చీర నేస్తున్నవా?" అని ఒకడంటే, మా వాడు తల తిప్పకుండానే, "నేస్త గానీ, అంచు ఏ రంగు గావాల్నో నీ పెండ్లాన్ని అడిగి రా" అన్నాడు. ఎనిమిది నెలల తర్వాత వాడు ఆడిన మొదటి పరాచికం అది. నాకు ఎంత సంతోషమైందంటే, బయలుదేరే ముందు డ్రైవరు ఒక్కసారి పైకెక్కి చూసుకోవాలన్న నియమం మరిచిపోయాను. కింది నుంచే శభాష్ అన్నాను. నేత పనికి ముడత దోషం. లారీకి ఎత్తూ వాలూ లేకపోవడం దోషం. అది వాడికి ఎట్లా తెలుస్తుంది?

దేవరకొండ దాటాక మధ్యాహ్నానికే మొగులు నల్లబడింది. మిరుగు కార్తె వాన, చినుకుల్లేకుండా కుండపోత. ఒక మూల మలుపులో బ్రేకు తొక్కానో లేదో, పైనుంచి బిందెలతో కుమ్మరించినట్టు నీళ్లు అద్దం మీదికి దూకాయి. అది మేఘంలోంచి వచ్చిన నీరు కాదు. మా సరుకు మీద చెరువు నిండింది.

ఇక్కడి నుంచి నేను మామూలుగా చెప్పే కథలో, నేను చొక్కా విప్పి పైకి దూకుతాను. నలుగురిలో చెబితే బాగుంటుంది కూడా. కానీ బండి పక్కకు ఆపగానే పైకెక్కింది వాడు. ఒక పక్క తాళ్లు సడలించి, మా పరుపు చుట్టలూ, ఖాళీ గోనెసంచులూ తీసుకుని, నడుమ ఎత్తు లేపడానికి తాడిపత్రి కిందికి పాకాడు. కింది నుంచి చూస్తుంటే వాడి వీపు తాబేలు డిప్పలాగా ముందుకు కదులుతోంది. అది కదిలిన చోటల్లా నీళ్లు రెండు పక్కలా దభేల్మని దుముకుతున్నాయి. ఇంతలో గాలి దూరి తాడిపత్రి లేచింది. ఒక తాడు పుటుక్కున తెగింది. వాడు బయటికొచ్చి చేతులు చాపి దాని మీద బోర్లా పడ్డాడు. మనిషి జానెడు పైకి లేచి పడడం నేను చూశాను. సరే, మూరెడు అని చెబుతుంటాను, జానెడే. రెండో కొస నేను పట్టుకున్న మాట నిజం. "జారకురా, మీ అక్క నన్ను సంపుతది" అని అరిచిన మాట ఇంకా నిజం. తెగిన తాడును వాడు నూలు పోగు అతికే ముడితో, నీళ్లు కారే వేళ్లతో, చూడకుండానే అతికాడు. ఆ ముడి తడిసిన కొద్దీ బిగిసింది. ఆత్మకూర్ దాకా కదల్లేదు.

ఆత్మకూర్‌లో విప్పితే ఆరు బస్తాలు గడ్డ కట్టాయి. మిగతావన్నీ మెత్తగా, పొడిగా ఉన్నాయి. దించుకునే ఆసామి గట్టిపడ్డ బస్తాను బొటనవేలితో నొక్కి, అప్పుడే సేటుకు ఫోన్ కలిపాడు. మా బామ్మర్ది చెట్టు మొదట్లో కూర్చున్నాడు. మోచేతుల దాకా బూడిద రంగు. టీ తెచ్చి ఇస్తే తాగలేదు. "అక్కకు ఏం జెప్పాలె బావా" అన్నాడు, అంతే. అప్పుడు నేను ఫోన్ అందుకుని, "తప్పు నాది సేట్. పైకెక్కి చూసుకోవాల్సింది నేను" అన్నాను. సేటు తిట్టవలసినంత తిట్టి, చివరికి "సరే, ఉంచుకో" అన్నాడు. మా వాడు నేను స్టీరింగ్ వదిలేదాకా నాతోనే ఉన్నాడు. ఇప్పటికీ పెద్ద లోడైతే తాడిపత్రి కట్టడానికి వాడినే పిలుచుకుపోతారు.

ఏండ్లు గడిచిన కొద్దీ, ఎవరు పైన ఉన్నారో ఎవరు కింద నిలబడ్డారో చెరిగిపోతుంది. చెప్పేవాడికి మటుకు ఎప్పుడూ పైనే జాగా దొరుకుతుంది.

ఇంతవరకు రాసి, ఇంటికొచ్చిన మా బామ్మర్దికి చదివి వినిపించాను. మా ఆవిడ చాటలో బియ్యం ఏరుతూ వింది. వాడు సాంతం విని, కాసేపు మోకాలు నిమురుకున్నాడు.

"అంత మంచిగనే రాసినవ్ బావా. గానీ సేటుతోని ఫోన్ల మాట్లాడింది నేను. 'తప్పు నాదే, బావనేమనకు' అన్న. నువ్వు అప్పుడు బండి కిందికి దూరి టైర్లు సూస్తున్నవ్. టైర్లల్ల గాలి మంచిగనే ఉండె."