ఇందిర వెనకాల నాలుగు కుక్కలు

ఇందిరకి యాభై నాలుగేళ్ళు. మలేసియాలో పోర్ట్ క్లాంగ్ రేవు దగ్గర ఓ గోడౌన్‌లో ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతుంది. రెండు నిలువుల ఎత్తు సరుకుని పైకి లేపేటప్పుడు కూడా బెదరని మనిషి, నిరుడు డాక్టరు "షుగరుంది, ఒళ్ళు కదపాలి" అనేసరికి బెదిరిపోయి, మర్నాడే ఓ పాత సైకిలు కొనేసింది. సైకిలెక్కి అప్పటికి ముప్పై ఐదేళ్ళు. మొదటి వారం తను పడింది, రెండో వారం ఇంకొకర్ని పడేసింది, మూడో వారం వీధి చివరిదాకా పోయి సంతోషంతో కేకలు పెడుతూ తిరిగొచ్చింది. ఆ కేకలకి ఇరుగుపొరుగు ఏం కొంప మునిగిందోనని బయటికొచ్చారు.

తర్వాత ఆదివారం సైకిల్ జట్టులో చేరింది. అందులో రెండు రకాలున్నాయి. చిన్న చుట్టు వాళ్ళు పార్కు చుట్టూ నాలుగుసార్లు తిరిగి, బెంచీల మీద చేరి గంటసేపు మోకాళ్ళ గురించీ మాత్రల గురించీ మాట్లాడుకుంటారు. పెద్ద చుట్టు వాళ్ళు సైకిళ్ళని వ్యానెక్కించుకుని ఎక్కడెక్కడి తోట దారులకో పోతారు. ఇందిర పెద్ద చుట్టులో దూరింది. దూరిందే గానీ ప్రతి వారం అందరికన్నా ఆఖరున వచ్చేది. జట్టు నాయకుడు సర్వేశ్, సైబర్‌జయలో కంప్యూటర్ల పని చేసే ముప్పై ఏళ్ళ కుర్రాడు, చివరికి మొహమాటపడుతూనే, అక్కడివాళ్ళ అలవాటు ప్రకారం మాట చివర ‘లా’ తగిలించి చెప్పేశాడు.

"ఆంటీ, కోపం వద్దు లా. ఈ వారం బాగన్ దాతుక్ పోతన్నాం. తొమ్మిదికల్లా రేవుకాడ టీ కొట్టుకి వచ్చీండి. రాకపోతే వచ్చే వారం నించి చిన్న చుట్టు. అందరిదీ అదే మాట."

ఇందిరకి ఏడుపొచ్చింది. మోకాళ్ళ కబుర్లు చెప్పుకోడానికా ఇన్ని తిప్పలు పడింది? పైగా బాగన్ దాతుక్! ఆ కొబ్బరితోటల్లోనే తను పుట్టింది. వాళ్ళమ్మ అక్కడే కాయలు ఒలిచి ఐదుగురు పిల్లల్ని పెంచింది. పుట్టినచోటే ఓడిపోయి రావడమా?

ఆదివారం ఆరుగురు బయల్దేరారు. కాలవ గట్టు మీద సన్నటి దారి, ఓ పక్క కొబ్బరి, ఓ పక్క ఆయిల్ పామ్. ఎదురుగా సముద్రపు గాలి ఛాతీ మీద చెయ్యి పెట్టి వెనక్కి తోస్తోంది. వంద కిలోల లారెన్స్ గంట మోగిస్తూ పాడుతున్నాడు. అతని తర్వాత అల్లంత దూరాన ఇందిర, ఎప్పట్లాగే ఆరో మనిషి.

తోట ఇళ్ళ దగ్గర నాలుగు కుక్కలు భౌమంటూ దూకాయి. అంతే, అందరూ కాలికి బుద్ధి చెప్పారు. అప్పటిదాకా ఆయాసపడుతున్న లారెన్స్ ఏ దేవుడు పూనాడో గానీ సర్వేశ్‌ని కూడా దాటిపోయాడు. చిక్కింది ఇందిర ఒక్కతే.

ఆవిడ సైకిలు దిగి, నడుం మీద చెయ్యేసుకుంది.

"ఏటే ఆ అరుపులు? ఎవుల్ని సూసి మొరుగుతన్నారు? నాను ఈ తోటదాన్నే! సిగ్గు నేదూ?"

మలేసియా కుక్కలకి తెలుగేం తెలుసంటారా? అమ్మల తిట్లకి భాషతో పనిలేదు. నాలుగూ తోకలు ముడిచి కూర్చున్నాయి. వాటి మొహాలు చూసి ఇందిరకి జాలేసింది. టీతో తినడానికని తెచ్చిన కర్రీపఫ్‌లలో తలా ఒకటి పెట్టింది. కొరివితో తల గోక్కోవడమంటే అదే. ఆ సంగతి ఆవిడకప్పుడు తెలియదు.

గడియారం చూసుకుంటే ఇంకా నాలుగు కిలోమీటర్లు, పన్నెండు నిమిషాలు. తన వేగానికి చాలవు. దేవుడి మీద భారం వేసి తొక్కింది. మలుపు దగ్గర మిగతా ఐదుగురూ ఆగి ఆయాసం తీర్చుకుంటున్నారు. తనకోసమే ఆగారనుకుని మురిసిపోయి చెయ్యూపింది.

వాళ్ళు ఆవిణ్ణి చూశారు. ఆవిడ వెనకాల, కర్రీపఫ్ రుచి మరిగి పరుగెత్తుకొస్తున్న నాలుగు కుక్కల్నీ చూశారు.

"అలామాక్! అమ్మబాబోయ్!" అని కేకేసి మళ్ళీ పారిపోయారు.

ఎదురుగాలి హోరులో ఇందిరకి వెనక చప్పుడేదీ వినపడలేదు. తన మొహం చూసి, కావాలనే వదిలేసి పోతున్నారనుకుంది. ఆ వెంటనే ఒళ్ళు మండిపోయింది.

"ఆగండి లా! ఆగండి!"

కుక్క కరిచిందనుకుని వాళ్ళు ఇంకా గట్టిగా తొక్కారు. వాళ్ళు తొక్కినకొద్దీ ఈవిడా తొక్కింది. కొబ్బరిచెట్లు రయ్యిరయ్యిన వెనక్కి పోతున్నాయి, కళ్ళలో నీళ్ళు చెవుల దాకా పాకుతున్నాయి, కాళ్ళు తనవో కాదో తెలియడం లేదు. మధ్యలో ఎక్కడో కోపం జారిపోయింది. తను ఎగురుతోంది! ఇందిర తనలో తను పకపకా నవ్వడం మొదలుపెట్టింది.

రేవు కనబడగానే కోపం గుర్తొచ్చింది. టీ కొట్టు ముందు సైకిలు పడేసి అరిచింది.

"నానంత బరువైపోనానేటి మీకు?"

ఐదుగురూ బల్లలెక్కి నిలబడ్డారు. లారెన్స్ బల్ల మీంచే వేలు చూపించాడు.

"ఇందిరక్కా... ఎనకాల..."

తిరిగి చూసింది. నాలుగు కుక్కలు నాలుకలు వేలాడేసుకుని, కొత్తపెళ్ళికూతురితో వచ్చిన చుట్టాల్లా వరసగా కూర్చున్నాయి. ఇందిర నవ్వీ నవ్వీ కిందే కూలబడింది. బల్లల మీదవాళ్ళు నవ్వు ఆపుకోలేక ఒకరినొకరు పట్టుకున్నారు. కొట్టులో గడియారం తొమ్మిదికి మూడు నిమిషాలు తక్కువ చూపిస్తోంది.

సర్వేశ్ సైకిలు మీటరు చూసి నోరెళ్ళబెట్టాడు. "ఇరవై ఏడు! మేం ఎప్పుడూ ఇంత జోరు పోలేదు, ఆంటీ. మీరు మా ఎనకాలే వచ్చీసినారు."

"మరి నన్ను చిన్న చుట్టులోకి తోసీరు గదా?" అంది ఇందిర, నవ్వు ఆపి. ఈ మాటకోసమే కదా ఆవిడ ప్రాణాలొడ్డింది.

సర్వేశ్ కుక్కల వైపు చూశాడు. వచ్చిన దారి వైపు చూశాడు. వ్యాను ఆ దారి అవతలి చివర ఉంది.

"ఏటి చిన్న చుట్టు, ఆంటీ... మీరు నేకపోతే మేం ఇల్లెలా పోతాం? మీరే ముందు ఎల్లండి."

ఇందిర తీరిగ్గా టీ తాగింది. తర్వాత సైకిలెక్కి, జీవితంలో మొదటిసారి జట్టు ముందు నిలబడింది. చెరో పక్క రెండేసి కుక్కలు, వెనక బుద్ధిగా వరస కట్టిన ఐదు సైకిళ్ళు. తోట ఇళ్ళ దగ్గర ఆగి, ఒకప్పుడు వాళ్ళమ్మ కాయలు ఒలిచిన చోటు చూసుకుంది. తర్వాత తన సొంత తీరులో, నెమ్మదిగా, పాడుకుంటూ తొక్కింది. వ్యాను దాకా ఒక్కరూ ఆవిణ్ణి దాటలేదు.